32 బిట్ విండోస్, 4 జీబీకి మించిన ర్యామ్: చేయవలసినవి – చేయకూడనివి

వి.కోట, కుప్పం, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె వైపు డీటీపీ అంగళ్లు, జిరాక్స్ అంగళ్లు, నెట్ సెంటర్లు నడిపేవారి కోసం ఈ సూచనలు. పాత కంప్యూటరులో 32 బిట్ విండోస్ అలాగే ఉంచుకొని 4 జీబీకి మించి ర్యామ్ వేసినవారు, వేయబోతున్నవారు డబ్బా తెరవక ముందే పూర్తిగా చదవండి.

విషయం ఇది. 32 బిట్లతో 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 చిరునామాలే రాయగలం. చిరునామాకు ఒక బైటు చొప్పున మొత్తం 4 జీబీ. డిస్‌ప్లే కార్డు, నెట్‌వర్క్ కార్డు లాంటి భాగాలు కూడా ఆ చిరునామాల్లోంచే తమ వాటా తీసుకుంటాయి. విండోస్‌కు మిగిలేది చాలా కంప్యూటర్లలో 3 నుంచి 3.5 జీబీ. మీరు 8 జీబీ వేసినా ప్రాపర్టీస్‌లో 8.00 జీబీ అని చూపించి, పక్కనే 3.25 జీబీ మాత్రమే వాడవచ్చని చెప్పేది అందుకే. తక్కిన ర్యామ్ స్లాటులో ఉంటుంది, కరెంటు తాగుతుంది, విండోస్ దాని జోలికి పోదు.

ఇది ప్రాసెసరు లోపం కాదు. 1995లో వచ్చిన పెంటియం ప్రోలోనే ఇంటెల్ పీఏఈ అనే పద్ధతి పెట్టింది. దాంతో 36 బిట్ల చిరునామాలు, అంటే 64 జీబీ వరకు అందుతుంది. 32 బిట్ విండోస్ సర్వర్ 2003లోని పెద్ద ఎడిషన్లు దాన్ని వాడుకున్నాయి. ఇళ్లలో, అంగళ్లలో వాడే విండోస్‌కు మాత్రం మైక్రోసాఫ్ట్ 4 జీబీ దగ్గర గీత గీసింది. ఎందుకో ఆ సంస్థకే చెందిన మార్క్ రస్సినోవిచ్ 2008లో వివరంగా రాశారు. పరీక్షల్లో మామూలు కంప్యూటర్ల వీడియో, ఆడియో డ్రైవర్లు 4 జీబీ దాటిన చిరునామాలను అర్థం చేసుకోలేకపోయాయి. పెద్ద చిరునామాను కత్తిరించి, వేరేచోట రాసేశాయి. కంప్యూటర్లు ఆగిపోయాయి, కొన్ని బూట్ కూడా కాలేదు.

గీత అవతలి ర్యామ్‌ను వాడుకోవడానికి జనం రెండు దారులు పట్టారు. మొదటిది, విండోస్ వదిలేసిన ర్యామ్‌ను ఒక సాఫ్ట్‌వేర్‌తో డ్రైవుగా మార్చుకోవడం. దీన్నే ర్యామ్ డిస్కు అంటారు. రెండోది, విండోస్ కెర్నెల్ ఫైలునే మార్చేయడం. దీన్ని ప్యాచ్ అంటారు. మొదటిది హద్దుల్లో వాడితే పనికొస్తుంది. రెండోది వద్దు.

కంప్యూటర్లు మన వైపుకు ముందే వచ్చాయి. కుప్పంలో హెచ్‌పీ ఐ-కమ్యూనిటీ 2002లో మొదలైంది. మీసేవ 2011 నవంబరు 4న చిత్తూరు జిల్లాలోనే మొదలైంది. ముందొచ్చిన యంత్రాలు గనుక పాతబడినవీ ఎక్కువే. పేజ్‌మేకర్ 7, అను స్క్రిప్ట్ మేనేజర్, పాత లేజర్ ప్రింటరు ఒకదానికొకటి అలవాటుపడి ఉంటాయి కాబట్టి వాటిని కదపడానికి ఎవరికీ చేయి రాదు. ఆ భయం న్యాయమైనదే. అయినా కింద చెప్పిన వరుస తప్పకండి.

చేయవలసినవి

ముందుగా

• మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. సిస్టమ్ టైప్ దగ్గర 32 బిట్ ఉందో 64 బిట్ ఉందో చదవండి.

• విండోస్ 10 అయితే సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్ వరుసగా తెరవండి. 32 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64 ప్రాసెసర్ అని ఉంటే మీ ప్రాసెసరు 64 బిట్‌కు పనికొస్తుంది.

• విండోస్ ఎడిషన్ పేరు కాగితం మీద రాసుకోండి. పరిమితి ఎడిషన్‌ను బట్టి మారుతుంది. విండోస్ 7 స్టార్టర్ 2 జీబీ దగ్గరే ఆగుతుంది. 64 బిట్ అయినా హోమ్ బేసిక్ 8 జీబీ, హోమ్ ప్రీమియం 16 జీబీ దాటవు.

• మదర్‌బోర్డు మోడల్ నంబరు, చిప్‌సెట్ పేరు చూసుకోండి. ఇంటెల్ 945, జీ31 చిప్‌సెట్లు 4 జీబీతో సరి. జీ41 అయితే 8 జీబీ, హెచ్61 అయితే 16 జీబీ వరకు తీసుకుంటాయి.

• మీ బోర్డు 945 అయితే ఇక్కడితో ఆగండి. ఏ విండోస్ వేసినా, ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా దానికి అవతలి ర్యామ్ లేదు.

• టాస్క్ మేనేజర్ తెరిచి, పని ముమ్మరంగా ఉన్న వేళ మెమరీ ఎంత వాడకంలో ఉందో చూడండి. సగం కూడా నిండకపోతే కంప్యూటరు నెమ్మదించడానికి కారణం ర్యామ్ కాదు.

• అలాంటి కంప్యూటరుకు ర్యామ్ బదులు ఎస్ఎస్‌డీ వేయించండి. పాత హార్డ్ డిస్కు ఉన్నచోట తేడా మొదటి రోజే తెలుస్తుంది.

• రిసోర్స్ మానిటర్‌లో మెమరీ ట్యాబ్ తెరిచి, హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ అన్నచోట ఎంత ఉందో చూడండి. విండోస్‌కు అందని ర్యామ్ అదే.

• బయోస్‌లో మెమరీ రీమ్యాప్ అనే అంశం ఉంటే ఎనేబుల్ చేయండి. అది ఆపి ఉంటే పరికరాల చిరునామాల కింద పడిన ర్యామ్ 64 బిట్‌కు కూడా దక్కదు.

• రన్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ అని కొట్టి, బూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరవండి. అక్కడ మ్యాగ్జిమమ్ మెమరీ గడిలో టిక్కు ఉంటే తీసేయండి. ర్యామ్ పెరుగుతుందని చాలామంది ఆ టిక్కు పెడతారు. అది పెంచేది కాదు, కట్టడి చేసేది.

ర్యామ్ కొనేటప్పుడు, వేసేటప్పుడు

• పాత ర్యామ్ స్టిక్కును వెంట తీసుకుని వెళ్లండి. డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4 గాట్లు వేరు, వోల్టేజీలు వేరు.

• బెంగళూరు ఎస్.పి. రోడ్డులో గానీ చెన్నై రిచీ స్ట్రీట్‌లో గానీ సెకండ్ హ్యాండ్ స్టిక్కు కొంటే, పనిచేయకపోతే మార్చి ఇస్తామని బిల్లు మీద రాయించుకోండి; మన ఊరినుంచి మళ్లీ పోయి వాదించడం కష్టం.

• మీది ఇంటెల్ బోర్డు అని అంగట్లో ముందే చెప్పండి. ఏఎండీ బోర్డులకు మాత్రమే పనిచేసే చవక స్టిక్కులు బజారులో ఉన్నాయి, చూడటానికి తేడా తెలియదు.

• డబ్బా తెరిచే ముందు ప్లగ్గు పీకండి. స్విచ్చి కట్టేస్తే చాలదు.

• ప్లగ్గు పీకాక పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది.

• ర్యామ్ పట్టుకునే ముందు డబ్బా ఇనుప భాగాన్ని చేత్తో తాకండి, ఒంట్లోని స్టాటిక్ కరెంటు చిప్పును చంపేయగలదు.

• స్లాటులోని దుమ్ము మెత్తని బ్రష్‌తో తీయండి.

• రెండు పక్కల క్లిప్పులు టక్కుమని పడేదాకా సమంగా నొక్కండి.

• కొత్త స్టిక్కు ఒక్కదాన్నే వేసి మెమ్‌టెస్ట్86 ప్లస్ నడపండి. కనీసం ఒక పాస్ పూర్తయ్యేదాకా ఆపకండి, వీలైతే రాత్రంతా వదలండి. ఒక్క ఎర్ర గీత వచ్చినా స్టిక్కు వెనక్కి ఇచ్చేయండి.

• తర్వాత అన్ని స్టిక్కులూ కలిపి వేసి మళ్లీ పరీక్షించండి. విడివిడిగా బాగున్నవి జంటగా పొసగకపోవచ్చు.

ఈ పరీక్ష దగ్గర పట్టుదలగా ఉండండి. విండోస్ వాడని ర్యామ్ చెడిపోతే విండోస్ మీకు చెప్పదు. ఆ చెడిన చోట మీ ఫైలు పడ్డ రోజునే తెలుస్తుంది.

64 బిట్‌కు మారే దారి

• ప్రాసెసరు, బోర్డు రెండూ ఒప్పుకుంటే 64 బిట్‌కు మారండి. విండోస్‌లో అవతలి ర్యామ్‌ను నిజంగా సొంతం చేసుకునే దారి ఇదొక్కటే, తక్కినవన్నీ సర్దుబాట్లు.

• మారే ముందు సీ డ్రైవు, డెస్క్‌టాప్, మై డాక్యుమెంట్స్ బయటి హార్డ్ డిస్కుకు కాపీ చేయండి. 32 బిట్ నుంచి 64 బిట్‌కు నేరుగా అప్‌గ్రేడ్ లేదు, కొత్తగా వేయవలసిందే.

• అంగట్లో ఉన్న ప్రతి ప్రింటరుకు, స్కానరుకు, వేలిముద్ర యంత్రానికి 64 బిట్ డ్రైవరు దొరుకుతుందో ముందే వెతకండి. 32 బిట్ డ్రైవరు 64 బిట్ విండోస్‌లో పనిచేయదు.

• పాత హార్డ్ డిస్కును తీసి భద్రంగా పెట్టండి. 64 బిట్‌ను వేరే డిస్కులో వేయండి. పని కుదరకపోతే పావుగంటలో పాత డిస్కు తగిలించి అంగడి తెరవవచ్చు.

• పేజ్‌మేకర్‌లో పాత పెళ్లిపత్రిక ఒకటి తెరిచి, అను ఫాంట్లలో ఒత్తులు, గుణింతాలు సరిగా పడుతున్నాయో ప్రింటు తీసి చూడండి. తెర మీద బాగుంటే చాలదు.

• 64 బిట్‌లో పనిచేయని పాత ప్రోగ్రాముల కోసం వర్చువల్‌బాక్స్‌లో 32 బిట్ విండోస్‌ను అతిథిలా పెట్టుకోండి. దానికి 2 జీబీ కేటాయించినా మిగతా ర్యామ్ మీ చేతిలోనే ఉంటుంది.

• ఆ అతిథి విండోస్‌కు ఇంటర్నెట్ తీసేయండి. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది.

• విండోస్ 11 పెట్టుకోవాలనుకుంటే ముందు టీపీఎం 2.0 ఉందో చూడండి. హెచ్61 కాలపు బోర్డులు ఆ పరీక్షలో నెగ్గవు.

• టైపింగ్, బ్రౌజింగ్, పిల్లల చదువు వరకే అయితే లినక్స్ వేయండి. సీ-డాక్ తయారు చేసిన బాస్ లినక్స్ ఉంది, తెలుగులో పనిచేసే లినక్స్ కోసం హైదరాబాదు స్వేచ్ఛ సంస్థ చాలా ఏళ్లుగా కష్టపడింది. 32 బిట్ లినక్స్ కూడా పీఏఈ కెర్నెల్‌తో గీత అవతలి ర్యామ్‌ను దొంగచాటు లేకుండా వాడుకుంటుంది.

ర్యామ్ డిస్కు పెట్టుకుంటే

64 బిట్‌కు మారడం ఏ విధంగానూ కుదరనివారికే ఈ భాగం.

• అవతలి ర్యామ్‌ను అందుకోగల సాఫ్ట్‌వేరే ఎంచుకోండి. అన్ని ర్యామ్ డిస్కు ప్రోగ్రాములకూ ఆ శక్తి లేదు. ప్రైమో ర్యామ్‌డిస్క్ లాంటివి దీన్ని ఇన్విజిబుల్ మెమరీ అంటాయి.

• తయారీదారు సొంత సైటు నుంచే దింపుకోండి. ఇది విండోస్ లోతుల్లో పనిచేసే డ్రైవరు, కల్తీ ఉంటే కంప్యూటరంతా ఆ కల్తీ చేసినవాడి చేతిలోకి పోతుంది.

• వేసే ముందు సిస్టమ్ రిస్టోర్ పాయింట్ పెట్టండి.

• పీఏఈ ఆన్‌లో ఉందో లేదో సరిచూడండి. అది లేనిదే 4 జీబీ అవతలి చిరునామా పుట్టదు.

• డిస్కు తయారయ్యాక టాస్క్ మేనేజర్ చూడండి. వాడుకోగల మెమరీ తగ్గితే మీ డిస్కు గీత ఇవతలి ర్యామ్‌ను తింటోందని అర్థం. వెంటనే తీసేసి సెట్టింగ్ మార్చండి.

• ఒక పెద్ద ఫైలును అందులోకి కాపీ చేసి, అక్కడి నుంచి మళ్లీ బయటికి కాపీ చేసి, ఎఫ్‌సీ కమాండుతో రెంటినీ పోల్చండి. ఒక్క బైటు తేడా వచ్చినా ఆ డిస్కును వాడకండి.

• పోయినా ఏడవనవసరం లేనివే అందులో పెట్టండి: బ్రౌజరు క్యాష్, ఫొటోషాప్ స్క్రాచ్ ఫైలు, జిప్ విప్పే తాత్కాలిక ఫోల్డరు.

• ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్, పెర్ఫార్మెన్స్ తెరిచి స్క్రాచ్ డిస్కుల వరుసలో ర్యామ్ డిస్కును మొదట, హార్డ్ డిస్కును రెండోది పెట్టండి. మొదటిది నిండితే పని ఆగకుండా రెండోదానికి పోతుంది.

• పేజింగ్ ఫైలును ర్యామ్ డిస్కుకు మార్చినా, సీ డ్రైవులో చిన్న పేజింగ్ ఫైలు ఒకటి ఉంచండి. ర్యామ్ డిస్కు లేవని రోజున విండోస్ దాని మీద నిలబడుతుంది, కంప్యూటరు కూలితే కారణం రాసుకునేది కూడా అందులోనే.

• పవర్ ఆప్షన్స్‌లో హైబర్నేట్ పూర్తిగా ఆపేయండి. హైబర్నేట్ అయ్యేటప్పుడు విండోస్ తనకు తెలిసిన ర్యామ్‌నే డిస్కు మీద రాసుకుంటుంది. తనది కాని ర్యామ్ సంగతి దానికి పట్టదు.

• యూపీఎస్ తప్పకుండా పెట్టండి. నెలకోసారి ప్లగ్గు పీకి, బ్యాటరీ నిజంగా ఎన్ని నిమిషాలు ఆగుతుందో గడియారం పెట్టి చూడండి.

• షట్‌డౌన్‌లో డిస్కు ప్రతిని హార్డ్ డిస్కుకు రాసే సదుపాయం వాడితే, ఆ రాత పూర్తయ్యేదాకా ఆగండి.

• ర్యామ్ డిస్కు డ్రైవుకు తాత్కాలికం అని తెలుగులోనే పేరు పెట్టండి. పనికి కుదిరిన కొత్త పిల్లోడికి కూడా చూడగానే తెలియాలి.

• నెట్ సెంటర్లలో బ్రౌజరు డౌన్‌లోడ్లను ర్యామ్ డిస్కుకు మళ్లించండి. ఒకరి ఆధార్, ఇంకొకరి 1బీ, పాసుపుస్తకం నకలు కంప్యూటరు ఆపగానే పోతాయి, మరొకరి చేతికి చిక్కవు. అయితే డిస్కు ప్రతిని దాచే సదుపాయం ఆపితేనే ఈ మేలు.

చేయకూడనివి

• కెర్నెల్ ప్యాచ్ వేయవద్దు. ఎవరు చేసిచ్చినా, ఉచితమన్నా, పక్క అంగట్లో రెండేళ్లుగా నడుస్తోందన్నా వేయవద్దు.

• ప్యాచ్ వేశాక 8 జీబీ కనిపించిందని సంతోషించకండి. కనిపించడం వేరు, ప్రతి డ్రైవరూ దాన్ని తప్పులేకుండా వాడటం వేరు.

• కంప్యూటరు ఆగిపోవడం లేదు కాబట్టి బాగుందనుకోకండి. డ్రైవరు తప్పు చిరునామాలో రాస్తే బ్లూ స్క్రీన్ రాకపోవచ్చు. ఫైలు మధ్యలో చెడిపోయి, మీరు దాన్ని మూడు నెలల తర్వాత తెరిచేదాకా చెప్పదు. ఆలోపు బ్యాకప్‌లోకి కూడా చెడిన ప్రతే పోయి ఉంటుంది. బ్లూ స్క్రీన్ కంటే దీనికే ఎక్కువగా భయపడండి.

• ప్యాచ్ కోసం డ్రైవరు సంతకాల తనిఖీని ఆపవద్దు, టెస్ట్ మోడ్‌లో అంగడి నడపవద్దు. ఆ తలుపు తెరిస్తే వైరస్ కూడా అందులోంచే వస్తుంది.

• ప్యాచ్ నిలబడాలని విండోస్ అప్‌డేట్ ఆపవద్దు.

• మార్చిన కెర్నెల్‌తో డబ్బు లావాదేవీలు, ప్రభుత్వ సైట్ల లాగిన్లు, వేలిముద్రల పని చేయవద్దు.

• విండోస్ మార్చడం లైసెన్సు షరతులకు విరుద్ధమని మరవవద్దు.

• ప్యాచ్ వేస్తే పేజ్‌మేకర్‌కు ఎక్కువ ర్యామ్ అందుతుందనుకోకండి. 32 బిట్ విండోస్‌లో ఒక ప్రోగ్రాముకు మామూలుగా అందేది 2 జీబీయే; ఎంత ర్యామ్ వేసినా ఆ వాటా పెరగదు.

• 3 జీబీ స్విచ్ అనే బూట్ సెట్టింగ్‌ను ర్యామ్ పెంచే ఉపాయం అనుకోకండి. అది ప్రోగ్రాము వాటా పెంచి కెర్నెల్ వాటా 1 జీబీకి కోస్తుంది. డిస్‌ప్లే డ్రైవరుకు ఊపిరాడకపోవచ్చు.

• ర్యామ్ డబుల్ చేస్తామనే సాఫ్ట్‌వేర్ ఏదీ దింపుకోకండి. 1995లో సాఫ్ట్‌ర్యామ్95 ఇదే మాట చెప్పి అమెరికాలో లక్షల కొద్దీ అమ్ముడుపోయింది. చెప్పిన పని చేయదని తేలి, అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో ఆ కంపెనీ మీద చర్య తీసుకుంది. ఆ మాట ఇప్పటికీ కొత్త పేర్లతో తిరుగుతోంది.

• రెడీబూస్ట్ కోసం పెన్ డ్రైవ్ గుచ్చి ర్యామ్ పెరిగిందనుకోకండి. అది హార్డ్ డిస్కుకు తోడు, ర్యామ్‌కు కాదు.

• ఫోను డబ్బా మీద 8+8 జీబీ అని చూసి 16 జీబీకి డబ్బు కట్టకండి. రెండో 8 జీబీ స్టోరేజీలోంచి తీసుకున్నది, ర్యామ్ వేగం దానికి రాదు.

• ర్యామ్ డిస్కులో కస్టమరు పని సేవ్ చేయవద్దు.

ఈ ఒక్క మాట దగ్గర నా అనుభవం చెప్పక తప్పదు. ఒకప్పుడు నా డీటీపీ కంప్యూటరులో ఎక్స్‌పీ మీద ర్యామ్ డిస్కు పెట్టుకున్నాను. ఆర్ డ్రైవు అని కనిపించేది. ఫైలు క్షణంలో సేవ్ అయ్యేసరికి అలవాటుపడి, ఒక పెళ్లిపత్రిక అందులోనే చేస్తూ పోయాను. పెళ్లికూతురు వాళ్లది వి.కోట, పెళ్లికొడుకు వాళ్లది పేర్నంబట్టు, మేనమామలది కేజీఎఫ్. పత్రిక తెలుగు, తమిళం, కన్నడం మూడింట్లోనూ కావాలన్నారు. ముగ్గురు పెద్దలు నా పక్కన కూర్చుని మధ్యాహ్నమంతా పేర్లు దిద్దించారు. సాయంత్రం కరెంటు పోయింది. యూపీఎస్ రెండుసార్లు కీచుమని ఆగింది. కరెంటు వచ్చాక ఆర్ డ్రైవు ఉన్నచోటే ఉంది, పేరు కూడా అదే. తెరిస్తే ఖాళీ. డ్రైవు మాయమై ఉంటే ముందే జాగ్రత్తపడేవాణ్ని. ఖాళీ డ్రైవు చూశాక గానీ నేను ఎక్కడ దాచానో అర్థం కాలేదు. ఆ పెద్దలను మళ్లీ పిలిపించి, మొదటి నుంచి టైపు చేశాను. తప్పు పూర్తిగా నాదే.

• కాబట్టి వర్డ్, కోరల్‌డ్రా ఆటోసేవ్ ఫోల్డర్లను కూడా ర్యామ్ డిస్కుకు మార్చకండి. కరెంటు పోయినప్పుడు అక్కరకు రావలసింది అవే.

• టాలీ డేటా, చీటీల లెక్కలు, మండీ పద్దులు అందులో పెట్టవద్దు. టమాటా సీజన్‌లో ఒక్క పూట పద్దు పోయినా రైతుకూ మండీకీ మధ్య మాట పోతుంది.

• డిస్కు ప్రతిని దాచే సదుపాయం ఉంది కదా అని ధీమా పడకండి. అది పద్ధతిగా షట్‌డౌన్ చేసినప్పుడే రాస్తుంది, కరెంటు పోతే రాయదు.

• పవర్ బటన్ నొక్కి పట్టి కంప్యూటరు ఆపకండి.

• యూపీఎస్ కీచుమన్నాక కొత్త పని మొదలుపెట్టకండి. ఉన్నది హార్డ్ డిస్కుకు సేవ్ చేసి ఆపేయండి.

• ఉరుములప్పుడు యూపీఎస్‌ను నమ్మి పని సాగించకండి. ప్లగ్గు, నెట్ వైరు రెండూ పీకండి.

• టెంప్ ఫోల్డరును ర్యామ్ డిస్కుకు మార్చి ఉంటే సాఫ్ట్‌వేర్లు, అప్‌డేట్లు వేయవద్దు. రీస్టార్ట్ అడిగే ఇన్‌స్టాలర్ తిరిగొచ్చేసరికి తన ఫైళ్లే ఉండవు. వేసే ముందు టెంప్‌ను సీ డ్రైవుకు మార్చండి.

• ప్రింటు స్పూల్‌ను చిన్న ర్యామ్ డిస్కులో పెట్టవద్దు. వంద పేజీల స్కాన్ పీడీఎఫ్ ఒక్కటి వస్తే నిండిపోయి, ప్రింటరు సగంలో ఆగుతుంది.

• ఒకే కంప్యూటరులో ఇద్దరు తయారీదారుల ర్యామ్ డిస్కులు పెట్టవద్దు. రెండూ ఒకే ర్యామ్ మీద హక్కు చూపితే రెండింటి ఫైళ్లూ చెడతాయి.

• ప్యాచ్ వేసిన కంప్యూటరులో ర్యామ్ డిస్కు వేయవద్దు. అదే ర్యామ్‌ను విండోస్ ఒకవైపు, డిస్కు ఒకవైపు తమదనుకుంటాయి.

• 64 బిట్ విండోస్‌లో పేజింగ్ ఫైలును ర్యామ్ డిస్కులో పెట్టవద్దు. అక్కడ ర్యామ్ అంతా విండోస్‌దే. దాని చేతిలోది లాక్కుని తిరిగి దానికే అప్పివ్వడం అవుతుంది.

• కంప్యూటరు ఆన్‌లో ఉండగా ర్యామ్ తీయవద్దు, వేయవద్దు. స్లీప్‌లో ఉన్నప్పుడు కూడా స్లాటులో కరెంటు ఉంటుంది.

• గాటు కుదరని స్టిక్కును బలవంతంగా నొక్కవద్దు.

• ర్యామ్ కాళ్లను గరుకు కాగితంతో రుద్దవద్దు. పైనున్న బంగారు పూత పోతుంది. మెత్తని రబ్బరుతో తుడిచి, రాలిన పొడి ఊదకుండా బ్రష్‌తో తీయండి. నోటితో ఊదితే తడి పడుతుంది.

• బయోస్‌లో ర్యామ్ వోల్టేజీ, వేగం పెంచవద్దు.

• లైసెన్సు లేని 64 బిట్ విండోస్ వేయించుకోవద్దు. విండోస్ 10లో అదే ఎడిషన్ అయితే మీ 32 బిట్ లైసెన్సే 64 బిట్‌కూ సరిపోతుంది, దొంగ ప్రతి అవసరమే లేదు.

• ఫార్మాట్‌కు ఇచ్చేటప్పుడు డేటా మేము చూసుకుంటాం అన్న మాట మీద డబ్బా వదిలేసి రాకండి. హార్డ్ డిస్కు కాపీ మీ చేతిలో ఉన్నాకే ఇవ్వండి.

• కంప్యూటరు ముందే ప్యాచ్ వేసి ఉందని ఇప్పుడు తెలిస్తే తొందరపడి ఏదీ తుడిచేయవద్దు. ముందు ఫైళ్లు బయటి డిస్కుకు కాపీ చేయండి, ఆ కాపీని వేరే కంప్యూటరులో తెరిచి చూడండి. ముఖ్యమైన పీడీఎఫ్‌లు, ఫొటోలు ఒక్కొక్కటీ తెరవండి. తెరుచుకోనివి ఏవో రాసుకోండి. పాత బ్యాకప్ ఉంటే దాని మీద కొత్తది రాయవద్దు. మంచి ప్రతి అందులోనే మిగిలి ఉండవచ్చు. ఆ తర్వాత బూట్ మెనూలో మార్చని విండోస్ వరుస ఉంటే దాన్ని ఎంచుకుని లేపండి. లేకపోతే అదనపు ర్యామ్ తీసి 4 జీబీ మాత్రం ఉంచి, శుభ్రమైన విండోస్ వేయించండి. తీసిన స్టిక్కులను స్టాటిక్ పట్టని కవరులో పెట్టి, మీద రకం, జీబీ రాసి బీరువాలో ఉంచండి. 64 బిట్‌కు మారిన రోజున అవే పనికొస్తాయి.